రాయి వివరం అడిగితే షాపాయనకి కోపమొచ్చింది: అమ్మకి ఏడు రాళ్ల కమ్మలు కొన్న నా అనుభవం

మా అమ్మకి ఏడు రాళ్ల వజ్రాల కమ్మలు కొనాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. ఈ ఏడాది కుదిరింది. డబ్బు కూడబెట్టడం ఒక ఎత్తయితే, అడిగిన దానికి నిదానంగా జవాబు చెప్పే షాపు దొరకడం ఇంకో ఎత్తు అయింది. వజ్రం కొనబోయే వాళ్లకి, అందులోనూ మొదటిసారి కొనే ఆడవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు పాత కమ్మల సంగతి చెప్పాలి. నా ప్రశ్నలన్నీ అక్కణ్ణించే పుట్టాయి.

మా పుట్టిల్లు ఇందుకూరుపేట మండలం. ఊళ్లో అందరితో పాటు మా నాన్న కూడా వరి మడులు తవ్వించి రొయ్యల చెరువులు వేశాడు. మొదట్లో పంట బాగా వచ్చింది. ఆ డబ్బుతో అమ్మకి ఏడు రాళ్ల వజ్రాల కమ్మలు చేయించాడు. 1995 ప్రాంతంలో రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి మా వైపు చెరువులు వరసపెట్టి పోయాయి. మేత అప్పు, డీజిల్ అప్పు, సీడు అప్పు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నాన్న ఆ కమ్మలు తీసుకుని నెల్లూరు పోయాడు. షాపులో బంగారం వరకే తూకం వేసి లెక్క కట్టారు. రాళ్ల సంగతేందని అడిగితే, "ఏం రాళ్లు, ఎన్ని సెంట్లు, కాగితం యాడుంది?" అన్నారంట. కొన్నప్పుడు ఇచ్చిన చీటీ మీద "కమ్మలు, జత 1" అని, దాని కింద మొత్తం రూపాయలు తప్ప ఇంకేం లేదు. పద్నాలుగు వజ్రాలు ఉత్త పుణ్యానికి పోయాయి. నాన్న ఇంటికొచ్చి, "బంగారం వరకే ఇచ్చారు మే" అని అమ్మతో అన్న మాట నాకు బాగా గుర్తు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను.

కాగితం లేని రాయికి కొనేటప్పుడు అమ్మేవాడు చెప్పిందే ధర, అమ్మేటప్పుడు కొనేవాడు చెప్పిందే ధర. మనకి నోరు లేకుండా పోతుంది. ఈసారి అట్టా జరగకూడదని గట్టిగా అనుకున్నాను.

షాపులకి పోక ముందే కొంచెం తెలుసుకున్నాను. నెల్లూరు మూలాపేటలో మాకు తెలిసిన ఆచారి ఒకాయన ఉన్నారు, రాళ్లు పొదగడంలో మంచి పనిమంతుడు. ఆయన ఇంటి వరండాలో కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. బంగారం క్యారెట్ వేరు, వజ్రం క్యారెట్ వేరు. బంగారంలో అది స్వచ్ఛత: 22 క్యారెట్లంటే 91.6 శాతం, 18 క్యారెట్లంటే 75 శాతం. వజ్రంలో అది బరువు: ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, దాన్ని 100 సెంట్లుగా లెక్కపెడతారు. వజ్రాల నగలు ఎక్కువగా 18 క్యారెట్ల బంగారంలోనే చేస్తారు, 22 మెత్తగా ఉంటుంది, రాయిని గట్టిగా పట్టుకోదు. 10 సెంట్ల గుండ్రటి రాయి అడ్డంగా చూస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, అట్లాంటివి రెండు కమ్మలకి పద్నాలుగు రాళ్లు, అంటే మొత్తం 1.40 క్యారెట్లు. అమ్మ చెవికి సరిగ్గా సరిపోయే సైజు అది.

ఆయన ఇంకో మాట చెప్పారు. పద్నాలుగు చిన్న రాళ్లు కలిపి 1.40 క్యారెట్లు ఉండటం వేరు, ఒక్కటే రాయి 1.40 ఉండటం వేరు. రాయి పెద్దదయ్యే కొద్దీ క్యారెట్‌కి ధర కూడా పెరిగిపోతుంది. కాబట్టి పెద్ద రాయి రేటు చూపించి చిన్న రాళ్లకి లెక్క కడితే ఒప్పుకోవద్దన్నారు. రంగు డి నుంచి జెడ్ దాకా అక్షరాల్లో చెప్తారు. డి, ఈ, ఎఫ్ అంటే రంగు లేనివి, జి నుంచి జె దాకా దాదాపు రంగు లేనివి, ఆ తర్వాత పసుపు కనపడటం మొదలవుతుంది. లోపలి మచ్చలు, గీతలు పదింతలు చూపించే భూతద్దంతో చూసి తక్కువ మచ్చల నుంచి ఎక్కువ మచ్చలకి వీవీఎస్, వీఎస్, ఎస్ఐ అని వరసగా చెప్తారు. షాపుల్లో "ఈఎఫ్ వీవీఎస్" అని ఒక్క గుక్కలో అనేది ఇదే. అన్నింటికన్నా మెరుపు తెచ్చేది కోత. చిన్న రాళ్లలో 57 లేక 58 ముఖాలుండే ఫుల్ కట్ ఉంటుంది, 17 లేక 18 ముఖాలతో సరిపెట్టే సింగిల్ కట్ కూడా ఉంటుంది. మనకి చూపించేది ఏ కట్టో అడిగి తెలుసుకోమన్నారు. చివరగా, "అమ్మా, వెనక మూసేసిన కమ్మ వద్దు. వెనక తెరిచి ఉంటే రాయి బాగోగులు కనపడతాయి, కడుక్కోవడం కూడా సులువు" అన్నారు.

ఇంత తెలుసుకుని మొదట పోయిన షాపు పేరు నేను రాయను. నెల్లూరులో చాలాకాలంగా ఉన్నదే. మా చుట్టాల్లో సగం మంది పెళ్లి బంగారం అక్కడే కొన్నారు. నేను బుచ్చిరెడ్డిపాలెం నుంచి బస్సులో నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండుకి వచ్చాను. తమ్ముడు అక్కడ బండి మీద ఎక్కించుకున్నాడు. ఆషాఢం కాబట్టి షాపులో రద్దీ లేదు. కూర్చోబెట్టి మాట్లాడే తీరిక వాళ్లకి బాగానే ఉంది.

లోపలికి పోగానే షాపాయన తమ్ముణ్ణి చూసి, "రండి సార్, ఏం చూపించమంటారు?" అన్నాడు. ఏడు రాళ్ల కమ్మలు కావాలని నేను చెప్పాను. ట్రేలు తీసి తమ్ముడి ముందు పెట్టాడు. తమ్ముడు వాటిని నా వైపు జరిపి, "కొనేది అక్క. ఆమెకి చెప్పండి" అన్నాడు. ఆయన సరేనని తలూపాడు కానీ ఆ తర్వాత కూడా ధర చెప్పాల్సి వచ్చినప్పుడల్లా వాడి మొహమే చూశాడు.

ఒక జత నాకు నచ్చింది. రాళ్ల బరువెంతని అడిగాను.

"ఒకటిన్నర దాకా ఉంటదమ్మా."

"దాకా కాదండీ, సరిగ్గా ఎంత?"

ఆయన ట్యాగ్ తిప్పి చూశాడు, నాకు చూపించలేదు. "అవన్నీ మీకెందుకమ్మా? డిజైన్ నచ్చిందా లేదా చెప్పండి. మిగతాది మేం చూసుకుంటాం గదా."

కలర్ ఏంది, క్లారిటీ ఏందని అడిగాను. "ఫస్ట్ క్వాలిటీ" అన్నాడు. ఫస్ట్ క్వాలిటీ అని ఒక గ్రేడు ఎక్కడా లేదు. ఈఎఫ్ వీవీఎస్సా, జీహెచ్ వీఎస్సా అని మళ్లీ అడిగితే, పక్కనున్న కుర్రాడి వైపు చూసి నవ్వి, "మేడమ్ యూట్యూబ్ చూసొచ్చినట్టుండారు" అన్నాడు. ఆ కుర్రాడు కూడా నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. లక్షలు పెట్టి కొనే వస్తువు గురించి తెలుసుకుని రావడం నవ్వుకునే పనా? కిలో వంకాయలు కొనేటప్పుడు పుచ్చు చూసుకుంటే ఏ కూరగాయల అవ్వా నవ్వదు. అయినా గొంతు పెంచకుండా ఎస్టిమేట్ రాసివ్వమని అడిగాను.

ఆయన కాలిక్యులేటర్ నొక్కి మొత్తం అంకె చూపించాడు. అది కాదు, విడివిడిగా రాయమన్నాను. బంగారం ఎన్ని గ్రాములు, ఏ రేటు, వజ్రాలు ఎన్ని క్యారెట్లు, ఏ రేటు, తరుగు మజూరీ ఎంత, జీఎస్టీ ఎంత. చాలాసేపు సణిగి ఒక చిన్న చీటీ మీద గీకాడు. ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. కమ్మల తూకం 7.200 గ్రాములు. ఆ మొత్తం 7.200కీ బంగారం రేటు వేశాడు. దాని కింద వజ్రాలు 1.40 అని మళ్లీ వాటి రేటు వేశాడు.

ఆచారి చెప్పిన లెక్క నాకు అక్కడే పనికొచ్చింది. 1.40 క్యారెట్లంటే 0.280 గ్రాములు. తూకంలోంచి అది తీసేస్తే బంగారం 6.920 గ్రాములే. అంటే రాళ్లకి వజ్రం రేటు కట్టి, అవే రాళ్లకి బంగారం రేటు కూడా కట్టాడు. ఆ రోజు రేటుకి అది రెండు వేల పైనే. దాని మీద తరుగు, దాని మీద జీఎస్టీ. ఇంకోటి, చీటీలో వేసిన గ్రాము రేటు గోడ మీద బోర్డులో ఉన్న 22 క్యారెట్ల రేటే. కమ్మలు మాత్రం 18 క్యారెట్లవి.

ఈ రెండూ చూపించాను. ఆయన మొహం మారిపోయింది. "రౌండ్ ఫిగర్ చేసేటప్పుడు తగ్గిస్తాంలేమ్మా" అన్నాడు. తగ్గించడం కాదు, లెక్క సరిగ్గా రాయమన్నాను. అప్పుడు తమ్ముడి వైపు తిరిగి, "సార్, మీరన్నా చెప్పండి. ఇట్టా అడిగితే యాపారం ఎట్టా చేసేది?" అన్నాడు. తమ్ముడు, "నాకన్నా ఆమెకే బాగా తెలుసండీ. నన్నడిగి లాభం లేదు" అన్నాడు. వాడు ఆ రోజు నా పక్కన గట్టిగా నిలబడ్డాడు. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

హాల్‌మార్క్ ఎక్కడుందో చూపించమన్నాను. "వజ్రాల నగలకి హాల్‌మార్క్ ఉండదమ్మా" అన్నాడు. ఇది అబద్ధం. రాయికి హాల్‌మార్క్ వెయ్యరు, నిజమే. కానీ దాన్ని పొదిగిన బంగారానికి వెయ్యాలి. 18 క్యారెట్లకి 750 అని, దాంతో పాటు అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు నంబరు, హెచ్‌యూఐడీ, ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. కుందన్, పోల్కీ, జడావు లాంటి వాటికి, 2 గ్రాముల లోపు వస్తువులకి మినహాయింపు ఉంది. ఈ కమ్మలు దేంట్లోకీ రావు. ఆ మాటే అంటే, "ఇంకా పంపలేదు, మీరు ఓకే అంటే వేయించి ఇస్తాం" అని మాట మార్చాడు.

సర్టిఫికెట్ అడిగాను. షాపు పేరు బంగారు రంగులో అచ్చేసిన కార్డు ఒకటి తీసి, "ఇదే సర్టిఫికెట్" అన్నాడు. అమ్మేవాడు తన సరుక్కి తనే ఇచ్చుకునే కార్డు సర్టిఫికెట్ ఎట్టా అవుతుంది? ఐజీఐ లాంటి బయటి ల్యాబ్ ఇచ్చింది ఉందా అని అడిగాను. అప్పుడన్నాడు ఆ మాట.

"మీ నాన్నగారు మీ అమ్మగారికి చేయించినప్పుడు సర్టిఫికెట్ అడిగాడా? అప్పట్లో నమ్మకం మీద నడిచేది యాపారం."

మా ఇంటి సంగతి ఆయనకి తెలియదు, తెలిసి అన్నది కాదు. నాకు మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తమాయించుకుని చెప్పాను. "అడగలేదండీ. అందుకే తిరిగి అమ్మినప్పుడు పద్నాలుగు రాళ్లకి ఒక్క రూపాయి కూడా ఇయ్యలేదు. అందుకే నేను అడుగుతుండా."

ఆయన ఏమీ మాట్లాడలేదు. డ్రాయర్లోంచి పెన్ను లాంటి డైమండ్ టెస్టర్ తీసి ఒక్కో రాయి మీద ఆనించాడు, అది కుయ్‌మని మోగింది. "చూడండి, ఒరిజినల్. ఇంకేం గావాలి?" అన్నాడు.

ఈ పెన్ను గురించి అందరూ తెలుసుకోవాలి. రాయిలోంచి వేడి ఎంత తొందరగా పాకిపోతుందో చూసి అది మోగుతుంది. అమెరికన్ డైమండ్ అని మనం పిలిచే క్యూబిక్ జిర్కోనియాని పట్టేస్తుంది. వజ్రం మాదిరే కనపడే మోయిసనైట్ అనే రాయిని వేడితో మాత్రమే పనిచేసే పెన్ను పట్టలేదు, దానికీ మోగుతుంది. ల్యాబ్‌లో పెంచిన వజ్రానికైతే తప్పకుండా మోగుతుంది, ఎందుకంటే అది కూడా కార్బనే, నిజమైన వజ్రమే. ఎక్కువ ఒత్తిడి, వేడి పెట్టి చేసే హెచ్‌పీహెచ్‌టీ, వాయువులోంచి పొరలు పొరలుగా పెంచే సీవీడీ అని రెండు పద్ధతులున్నాయి. భూమిలోంచి తీసిన దానికీ, వీటికీ తేడా మామూలు కంటికి, భూతద్దానికి తెలియదు. ల్యాబ్ యంత్రాలే చెప్పాలి. ల్యాబ్ వజ్రం కొనడం తప్పని నేను అనను. ఇష్టపడి, ఆ ధరకే కొనుక్కుంటే హాయిగా పెట్టుకోవచ్చు. కానీ ధర చాలా తక్కువ, తిరిగి అమ్మితే వచ్చేది ఇంకా తక్కువ. దాన్ని గని వజ్రం ధరకి అంటగడితే మాత్రం అది మోసం.

అందుకని సూటిగా అడిగాను, ఇవి గనిలోవా, ల్యాబ్‌లోవా అని. "మా షాపులో అట్టాంటివి అమ్ముతామా?" అని గొంతు పెంచాడు. "మంచిదండీ. అయితే బిల్లు మీద సహజ వజ్రాలు, 1.40 క్యారెట్లు, ఈ కలర్, ఈ క్లారిటీ అని రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే అడ్వాన్స్ ఇస్తాను" అన్నాను.

"అట్టా రాయం. మా బిల్లు మా పద్ధతిలోనే ఉంటది. అసలు బిల్లు లేకుండా తీసుకోండి, ఆ మూడు శాతం మీకు మిగులుద్ది."

ఇక అక్కడ మాట్లాడేది లేదని లేచాను. మెట్లు దిగుతుంటే, "ఇంత అడిగే వాళ్లు కొనరురా" అని కుర్రాడితో అనడం వినపడింది. నా బ్యాగులో చెక్కు పుస్తకం ఉంది. కొనడానికే వచ్చాను.

తర్వాత చాలాసార్లు దీని గురించే ఆలోచించాను. ఆయన మర్యాద తెలియని మనిషేం కాదు. రాగానే మంచినీళ్లు ఇప్పించాడు, అమ్మా అనే పిలిచాడు. మొత్తం అంకె చూసి డబ్బు కట్టేవాళ్లతో ఎంతో బాగుంటాడని మా చుట్టాలు చెప్తారు కూడా. ఆయన కోపం నా మీద కాదు, విడివిడిగా రాయమన్న దాని మీద. తూకంలో రాళ్ల బరువు, 18కి 22 రేటు, పేరు లేని క్వాలిటీ, ఇవన్నీ ఒకే మొత్తంలో కలిపి చూపిస్తేనే చెల్లుతాయి. విడదీసి రాస్తే ఒక్కటీ నిలబడదు. నవ్వడం, తమ్ముడి వైపు తిరగడం, నమ్మకం మాట ఎత్తడం, అన్నీ ఆ విడదీయడాన్ని ఆపడానికే. మన ఆడవాళ్లం నలుగురిలో గయ్యాళి అనిపించుకోవడం ఇష్టం లేక అక్కడే ఆగిపోతాం. కొనేవాళ్లకి సరుకు నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ధర తెలుసుకునే హక్కు ఉందని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్పష్టంగా ఉంది. బిల్లు ఇయ్యకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి కింద లెక్కగట్టింది. బిల్లు లేకుండా మూడు శాతం మిగిలితే, రేపు ఏదన్నా తేడా వస్తే ఆ నగ అక్కడ కొన్నామని చెప్పుకునే ఆధారం కూడా మిగలదు.

ఆ తర్వాత ట్రంకు రోడ్డులో పెద్ద షోరూములు, ఆచారి వీధిలో చిన్న షాపులు కొన్ని తిరిగాను. పెద్ద వాటిలో కాగితాలు బాగానే ఉన్నాయి, నాకు నచ్చిన పాతకాలపు పని లేదు. చివరికి కుదిరింది ఒక మధ్యరకం షాపులో. అక్కడ కౌంటర్ మీద ఉన్నది ఆ ఇంటి కోడలే. నేను అడగక ముందే ఆమె ట్యాగ్ నా వైపు తిప్పి పెట్టింది. గ్రాస్ అంటే మొత్తం తూకం, నెట్ అంటే రాళ్లు తీసేసిన బంగారం, రాళ్ల బరువు మూడూ దాని మీద ఉన్నాయి. భూతద్దం నా చేతికిచ్చి, "వెనక నుంచి చూడండక్కా, ముందు నుంచి మెరుపే కనపడుద్ది" అంది.

నేను చూశాను. కొత్తవాళ్లకి మొదట్లో ఏమీ కనపడదు, అద్దాన్ని కంటికి ఆనించి నగని దగ్గరికి తెచ్చుకుంటూ పోవాలి. ఒక కమ్మలో అంచు రాయి ఒకటి మిగతా వాటికన్నా కొంచెం పసుపుగా అనిపించింది. చెప్తే, ఆమె తెల్ల కాగితం మడిచి దాని మీద కమ్మని బోర్లా పెట్టి చూసి, "నిజమే, ఇది ఒక మెట్టు తేడాగా ఉంది, మార్పిస్తాను" అంది. వాదించలేదు. వజ్రం రంగు చూడాలంటే తెల్ల కాగితం మీద బోర్లా పెట్టి చూడాలని నాకు ఆ రోజే తెలిసింది.

సర్టిఫికెట్ సంగతి కూడా దాచకుండా చెప్పింది. పెద్ద రాయి అయితే దానికి విడిగా రిపోర్టు ఉంటుంది, చాలావాటికి రాయి నడుం మీద లేజర్‌తో నంబరు కూడా చెక్కుతారు. పది సెంట్ల రాళ్లకి ఎవరూ విడివిడిగా చేయించరు, నగ మొత్తానికి ఒకటి వస్తుంది. పొదిగాక పరీక్ష చేస్తారు కాబట్టి రంగు, క్లారిటీ బిగింపులో కనపడినంత వరకే చెప్తారు. వెనక మూసిన కమ్మ అయితే ఆ చూపు ఇంకా తగ్గిపోతుంది. రాయి మార్పించాక ల్యాబ్‌కి పంపి రిపోర్టు తెప్పించింది. దాని నంబరుని నేను ఫోన్‌లో ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూశాను. బరువు, ఫొటో, సహజ వజ్రాలన్న మాట అన్నీ కాగితంతో కలిశాయి. హెచ్‌యూఐడీని హాల్‌మార్క్ వ్యవహారం చూసే బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో చూశాను, స్వచ్ఛత, షాపు రిజిస్ట్రేషన్, హాల్‌మార్క్ వేసిన సెంటరు వివరాలు వచ్చాయి.

ఇష్టంలేని మాట కూడా ఆమే చెప్పింది. "అక్కా, వజ్రం బంగారం మాదిరి కాదు. రేపు డబ్బు కావాలని తెస్తే కొంత కోసే ఇస్తాం. నగకి నగ మార్చుకుంటే తక్కువ కోస్తాం." ఎంత కోస్తారో శాతంతో సహా బిల్లు వెనక రాసి ముద్ర వేయించాను. మొత్తం రెండు లక్షలు దాటింది కాబట్టి పాన్ కార్డు అడిగారు, ఇచ్చాను. డబ్బు చెక్కుతో కట్టాను.

అమ్మకి ఒక్క అసంతృప్తి ఉండింది. "జాగర్ రాళ్లేనా?" అని అడిగింది. మన వైపు పెద్దవాళ్లకి బ్లూ జాగర్ అంటే మహా మోజు. దక్షిణాఫ్రికాలో యాగర్స్‌ఫాంటైన్ గని ఉండేది, నీలి ఛాయ ఉన్న తెల్లటి రాళ్లకి అది పేరుపడింది. ఆ గని 1971లోనే మూతపడింది. ఇప్పుడు ఆ పేరుతో చూపించేవాటిలో ఎక్కువ భాగం అల్ట్రావయొలెట్ కాంతిలో నీలంగా మెరిసే మామూలు రాళ్లే. మొదటి షాపాయన కూడా "జాగరమ్మా" అంటూ ఒక జతకి ఎక్కువ ధర చెప్పాడు. రిపోర్టులో జాగర్ అని రాసి ఉంటే చూపించమంటే ట్రే లోపల పెట్టేశాడు. ఇదంతా అమ్మకి చెప్పాను. ఆమె కమ్మలు తిప్పి వెనక వైపు చూసి, "వెనకంతా బొక్కలుండాయే, నూనె పడితే ఎట్టా?" అంది. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం షాంపూ వేసి మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలని చూపించాను. తలంటు పోసుకున్న రోజు తీసి పక్కన పెడుతోంది.

ఈ సంగతి నేను పనిచేసే స్కూల్లో చెప్పాక స్టాఫ్ రూములో మా మేడమ్‌లు తమ బిల్లులు తెచ్చి చూపించడం మొదలుపెట్టారు. ఎక్కువ వాటి మీద "డైమండ్ రింగ్ 1" అని, ఒక మొత్తం, అంతే. మా లెక్కల మేడమ్ ఉంగరం నేను వెళ్లిన ఆ మొదటి షాపులోదే. ఆమె వెళ్లి వివరాలు రాసివ్వమంటే అమ్మేశాక ఏమీ రాసివ్వం అన్నారంట. ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాశాం: కొన్న తేదీ, కట్టిన మొత్తం, అడుగుతున్న వివరాలు, రాయి సహజమా ల్యాబ్‌దా రాతపూర్వకంగా చెప్పమని. ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోవాలని అనుకున్నాం. ఇవ్వనంటే స్పీడ్ పోస్టులో పంపిస్తాం. అప్పటికీ జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాం, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఎట్టాగూ ఉంది. ఈ శనివారం మధ్యాహ్నం బడి కాగానే ఆమె, నేను ఆ షాపుకి పోతున్నాం.